జీతం ఇంగ్లండ్‌లో, అద్దె ఆంధ్రాలో: ఒక మ్యారేజ్ అలవెన్స్ కేస్

ఇంగ్లండ్‌లో స్థిరపడిన మన కుటుంబాల టాక్స్ లెక్కలు చూడటం నా వృత్తి. ఈ కేసులో చేతికొచ్చిన డబ్బు పెద్ద మొత్తమేమీ కాదు. అయినా రాస్తున్నాను. మ్యారేజ్ అలవెన్స్ అంటే ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని అని అందరూ అంటుంటారు. ఇండియాలో కూడా కాస్తో కూస్తో ఆదాయం ఉన్న దంపతులకు ఆ పది నిమిషాల ముందు చేయాల్సిన పని చాలా ఉంటుంది. ఆ పని ఎలా సాగిందో ఇందులో ఉంది. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అంకెలు కొద్దిగా మార్చాను, లెక్క తీరు మాత్రం అదే.

నేపథ్యం

భర్త 2019లో వర్క్ వీసా మీద వచ్చారు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. పెళ్లి అదే ఏడాది ఆంధ్రాలో జరిగింది. భార్య 2020 సెప్టెంబరు మధ్యలో డిపెండెంట్ వీసాతో వచ్చారు. రెండేళ్లు ఇంట్లోనే ఉన్నారు. 2022 సెప్టెంబరు నుంచి ఒక స్కూల్లో పార్ట్‌టైమ్ టీచింగ్ అసిస్టెంట్‌గా చేస్తున్నారు.

రూల్ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. యూకేలో ఒక్కొక్కరికి 12,570 పౌండ్ల వరకు పన్ను లేదు, దాన్ని పర్సనల్ అలవెన్స్ అంటారు. సాధారణంగా, దంపతుల్లో ఒకరి ఆదాయం దానికంటే తక్కువై, ఇంకొకరు 20 శాతం బేసిక్ రేటులోనే పన్ను కడుతుంటే, తక్కువ ఆదాయం ఉన్నవారు తమ అలవెన్స్‌లో 1,260 పౌండ్లు రెండోవారికి బదిలీ చేయవచ్చు. రెండోవారి పన్ను ఏడాదికి 252 పౌండ్లు తగ్గుతుంది. ఇది 2015 ఏప్రిల్ నుంచి ఉంది. నాలుగేళ్లు వెనక్కి వెళ్లి కూడా అడగవచ్చు. స్కాట్లాండ్‌లో రేట్లు వేరు, ఈ కేసుకి అవి అక్కర్లేదు.

వీళ్లు నా దగ్గరికి వచ్చింది 2025 ఫిబ్రవరిలో. యూకే టాక్స్ సంవత్సరం ఏప్రిల్ 6న మొదలై ఏప్రిల్ 5న ముగుస్తుంది కాబట్టి 2020-21 సంవత్సరానికి అడగడానికి ఆఖరి తేదీ 2025 ఏప్రిల్ 5. ఆ గడువే వీళ్ల టెన్షన్.

అప్పటికే చేసిన ప్రయత్నాలు

మొదట భర్త తన అకౌంట్‌లోంచి అప్లై చేయబోయారు. పన్ను తగ్గేది తనకే కదా, అడగాల్సింది కూడా తనే అనుకున్నారు. చాలామంది ఇక్కడే తడబడతారు. ఇచ్చేవాళ్లు అప్లై చేయాలి, పుచ్చుకునేవాళ్లు కాదు. ఇక్కడ ఇచ్చేది భార్య.

తర్వాత భార్య ఆన్‌లైన్‌లో ప్రయత్నించారు. ఐడెంటిటీ చెక్ దాటలేదు. చూస్తే, పాస్‌పోర్టులోనూ ఎన్‌ఐ (నేషనల్ ఇన్సూరెన్స్) రికార్డులోనూ పుట్టింటి ఇంటిపేరు ఉంది. స్కూల్ పేరోల్‌లో ఆమె చేరేటప్పుడు భర్త ఇంటిపేరు రాయించారు. పి60 అనే ఏడాది జీతం, పన్ను పత్రంలోనూ పే స్లిప్‌లోనూ అదే వస్తోంది. రెండు పేర్లు కలవనప్పుడు కంప్యూటర్ ఒప్పుకోదు. ఇనిషియల్‌ని విడదీసి ఇంటిపేరుగా రాసిన, లేదా తండ్రి పేరునే ఇంటిపేరుగా పెట్టిన పాస్‌పోర్టులతో ఈ తంటా మనవాళ్లలో తరచూ కనిపిస్తుంది.

మూడోది, ఫేస్‌బుక్ ప్రకటన చూసి ఒక రీఫండ్ కంపెనీకి ఆన్‌లైన్‌లో సంతకం పెట్టారు. వచ్చిన డబ్బులో దాదాపు సగం వాళ్ల ఫీజు. యూకే పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సి దగ్గర ఈ క్లెయిమ్‌కి పైసా ఖర్చు లేదు. ఇలాంటి కంపెనీలు ఒకప్పుడు రీఫండ్ హక్కునే తమ పేరిట రాయించుకునేవి. 2023 మార్చి 15 తర్వాత అలా రాయించుకున్నా ఇన్‌కమ్ టాక్స్ రీఫండ్ల విషయంలో చెల్లదు. ఇప్పుడు 'నామినేషన్' పద్ధతిలో డబ్బు ముందు తమకు వచ్చేలా చేసుకుంటున్నారు.

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఫీజు కాదు, వాళ్ల ఫారం. పెళ్లయిందా, జీతం ఇంతలోపు ఉందా అని టిక్కులు పెట్టించుకున్నారు. ఇండియాలో ఏమైనా ఉందా అన్న ప్రశ్నే లేదు.

సంతకం పెట్టి ఇంకా 14 రోజులు కాలేదు, వాళ్లు పని మొదలుపెట్టనూ లేదు. దూరం నుంచి కుదుర్చుకున్న ఒప్పందాన్ని 14 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు 2013 నాటి వినియోగదారుల నిబంధనల్లో ఉంది. ఆ రోజే రద్దు చేస్తున్నట్టు ఈమెయిల్ పెట్టించాను, నామినేషన్ కూడా వెనక్కి తీసుకుంటున్నామని అందులోనే రాయించాను.

ముందు అడగాల్సిన ప్రశ్న

యూకేలో రెసిడెంట్ అయితే ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా లెక్కలోకి వస్తుంది. అందుకే మొదటి మీటింగ్‌లో ఫారం తెరవకుండా భార్యను అడిగాను: "ఇండియాలో మీ పేరు మీద ఏమున్నాయమ్మా?"

"ఏమీ లేవండీ" అన్నారు.

ఈ జవాబు నాకు కొత్త కాదు. ఇంకోలా అడిగాను: పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఏమైనా ఇచ్చారా? అప్పుడు బయటికొచ్చింది. పుట్టింటివాళ్లు ఊళ్లో ఒక షాపు గది ఆమె పేరిట రాసిచ్చారు. నెలకు 18,000 రూపాయల అద్దె. అద్దె తండ్రిగారు వసూలు చేసి ఆమె అకౌంట్‌లోనే వేస్తారు. "అది మా నాన్నగారు చూసుకుంటారండీ" అన్నారామె. అందుకే తన ఆదాయం అన్న ధ్యాసే లేదు.

ఇండియా ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో ఆమె పాన్‌తో ఏఐఎస్ (ఏడాది ఆదాయ వివరాల పట్టిక) డౌన్‌లోడ్ చేయించాను. ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడకుండా ఉండటానికి నాకు తెలిసిన మంచి దారి ఇదే. అందులో ఒక ఎఫ్‌డి మీద ఏటా లక్షా 85 వేల వరకు వడ్డీ కనిపించింది. "అది నాన్న వేసిందండీ, నాది కాదు."

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాల్సి వచ్చింది. యూకే లెక్కలో కాగితం మీది పేరు ఒక్కటే చాలదు, డబ్బు నిజంగా ఎవరిది అన్నది చూస్తారు. తండ్రి తన రిటైర్మెంట్ డబ్బు కూతురి పేరున దాచి, వడ్డీ తానే తింటుంటే అది వేరే కథ. అందుకని మూడు విషయాలు అడిగాను. ఎఫ్‌డి ఎప్పుడు వేశారు? పెళ్లికి. వడ్డీ ఎవరి అకౌంట్‌లోకి వెళ్తోంది? ఆమె అకౌంట్‌లోకే. రేపు ఆమె దాన్ని బద్దలు కొడితే తండ్రి అడ్డు చెప్పగలరా? చెప్పలేరు. కాబట్టి అది షరతుల్లేని కానుక, వడ్డీ ఆమెదే. ఏడాదికి అద్దె దాదాపు 2,100 పౌండ్లు, వడ్డీ దాదాపు 1,800 పౌండ్లు, పౌండుకి 103 రూపాయల లెక్కన.

భర్త ఒక మాట అడిగారు: "ఆ డబ్బు ఇక్కడికి తేలేదు కదండీ, చూపించకపోతే?" న్యాయమైన ప్రశ్నే. 2024-25 వరకు, యూకేని శాశ్వత నివాసం చేసుకోనివాళ్లకి రెమిటెన్స్ బేసిస్ (విదేశీ ఆదాయంలో యూకేకి తెచ్చినదాని మీదే పన్ను) అనే పద్ధతి ఉండేది. యూకేకి తీసుకురాని విదేశీ ఆదాయం 2,000 పౌండ్ల లోపు అయితే అది దానంతటదే వర్తించేది, అలవెన్స్ పోయేది కాదు. ఈమెది ఆ హద్దు దాటింది. దాటాక ప్రత్యేకంగా క్లెయిమ్ చేసుకోవాలి, చేసుకుంటే పర్సనల్ అలవెన్సే పోతుంది. ఇక భర్తకు బదిలీ చేయడానికి ఏం మిగులుతుంది? అందుకే ఇండియా ఆదాయం మొత్తం చూపించి లెక్క కట్టాలని నిర్ణయించాం.

ఒక్కో సంవత్సరం విడిగా

ఐదు సంవత్సరాలకీ ఒకే జవాబు ఉండదు. ఈ కేసులో నేను పట్టుబట్టింది దీని మీదే.

2020-21లో మొదటి సందేహం ఆమె రెసిడెంటేనా అని. సెప్టెంబరు మధ్య నుంచి ఏప్రిల్ 5 వరకు ఇక్కడే ఉన్నారు. కోవిడ్ కాలం, మధ్యలో ఇండియా వెళ్లే ప్రసక్తే లేదు. 183 రోజులు దాటాయి కాబట్టి రెసిడెంటే. ఏడాది మధ్యలో వచ్చినా అలవెన్స్ పూర్తిగానే ఇస్తారు. ఇండియా ఆదాయం తప్ప ఇంకేమీ లేదు. భర్త జీతం అప్పటికి 31,000. ఇబ్బంది లేదు, అప్పటి అలవెన్స్ కాస్త తక్కువ కాబట్టి ఆ ఏడాది విలువ 250 పౌండ్లు. 2021-22 కూడా ఇంతే, విలువ 252. 2022-23లో ఆమె జీతం 5,400 వచ్చింది. ఇండియా ఆదాయం కలిపినా పదివేల లోపే. భర్త 44,000. అదీ సులువే.

అసలు కథ 2023-24లో ఉంది. ఇటు భార్య, అటు భర్త, ఇద్దరి అంకెలూ గీత మీదే ఉన్నాయి.

భార్య పి60లో 10,100 పౌండ్లు. రీఫండ్ కంపెనీ ఫారం అయితే ఇక్కడే ఓకే అనేది. ఇండియా ఆదాయం కలిపితే 14,000, అంటే 12,570 దాటింది. ఈ సంవత్సరం వదిలేయాలని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. అదీ తొందరపాటే. ఏ ఆదాయం ఏ వరుసలో లెక్కలోకి వస్తుందో చూడాలి.

మొదట అద్దె. ఆస్తి మీద వచ్చే ఆదాయంలో ఏడాదికి 1,000 పౌండ్లు మినహాయించుకోవచ్చు, విదేశంలోని ఆస్తికీ ఇది వర్తిస్తుంది. అసలు ఖర్చులు చూపించడం కన్నా ఇదే మేలు. ఆ షాపు మీద ఇంటి పన్ను, చిన్న రిపేర్లు కలిపినా వంద పౌండ్లు దాటవు. అంటే అద్దెలో పన్నుకొచ్చేది 1,100. జీతం 10,100తో కలిపి 11,200.

తర్వాత వడ్డీ. జీతం, అద్దె లాంటివి తక్కువగా ఉన్నవాళ్లకి వడ్డీ మీద 5,000 పౌండ్ల వరకు సున్నా శాతం రేటు ఉంది. జీతం, అద్దె కలిపి అలవెన్స్‌ని ఎంత దాటితే ఈ 5,000 అంత తగ్గుతుంది. ఆమె 1,260 బదిలీ చేశాక మిగిలే అలవెన్స్ 11,310. జీతమూ అద్దె కలిపి 11,200. లోపలే ఉంది! వడ్డీలో 110 పౌండ్లు అలవెన్స్‌లో సర్దుకుంటాయి, మిగతా 1,690 సున్నా రేటులో పడతాయి. ఆమెకు పన్ను లేదు. భర్తకు 252 పూర్తిగా వస్తుంది.

అద్దెకి ఆ 1,000 తీసుకోకపోతే ఎంతయ్యేదో కూడా వేసి చూశాను. అసలు ఖర్చులు వదిలేసినా 12,200లో 890 మీద ఆమె 178 పౌండ్లు కట్టాల్సి వచ్చేది, ఇంటికి మిగిలేది 74. అప్పుడు కూడా క్లెయిమ్ నష్టం కాదు, కానీ ఈ శ్రమకి సరిపోయేది కాదు.

ఇక భర్త. 2023-24లో జీతం 47,500, బోనస్ 4,400, పి60లో 51,900. 40 శాతం రేటు 50,270 దాటాక మొదలవుతుంది. హయ్యర్ రేటు పడితే మ్యారేజ్ అలవెన్స్ ఉండదు. ఆయన అప్పటికే ఆ సంవత్సరం మీద ఆశ వదులుకున్నారు.

నేను అడిగింది పెన్షన్ గురించి. ఆఫీసు పెన్షన్లు అన్నీ ఒకేలా నడవవు. కొన్నిటిలో పన్ను వేయకముందే డబ్బు కోస్తారు, పి60లో అంకె అప్పటికే తగ్గి ఉంటుంది. కొన్నిటిలో పన్ను పోయాక కోస్తారు, 20 శాతం రాయితీని పెన్షన్ సంస్థ ప్రభుత్వం దగ్గర తెచ్చి ఫండ్‌లో కలుపుతుంది. దీన్ని రిలీఫ్ ఎట్ సోర్స్ అంటారు. నెస్ట్ అనే పెన్షన్ స్కీమ్‌లో ఉన్నది ఈ పద్ధతే. ఈయన స్కీమ్ రెండో రకం. ఈ రకంలో పి60 అంకె తగ్గదు. దాని బదులు 20 శాతం రేటు హద్దు, పెన్షన్‌లో వేసిన గ్రాస్ మొత్తం మేరకు పైకి జరుగుతుంది.

పెన్షన్ స్టేట్‌మెంట్ తెప్పించాను. ఆ ఏడాది ఆయన జీతంలోంచి వెళ్లింది 1,660, రాయితీ 415, గ్రాస్ 2,075. కంపెనీ వేసిన వాటా ఈ లెక్కలోకి రాదు, దాన్ని కలిపేసుకునే పొరపాటు చాలామంది చేస్తారు. ఆయన హద్దు 52,345కి జరిగింది. 51,900 దాని లోపలే. బ్యాంకు వడ్డీ కొద్దిపాటిది, కలిపినా దాటలేదు. అంటే 2023-24లో ఆయన బేసిక్ రేటు టాక్స్‌పేయరే.

ఇందులో ఇంకో లాభం దాగి ఉంది. జీతంలో పన్ను కోసేటప్పుడు కంపెనీకి ఈ హద్దు జరిగిన సంగతి తెలియదు. 50,270 పైన ఉన్న 1,630 మీద 40 శాతం కోసింది. 20 శాతం ఎక్కువ కోసినట్టే, అంటే 326 పౌండ్లు. మ్యారేజ్ అలవెన్స్ కోసం వెతుకుతుంటే దానికన్నా పెద్దది దొరికింది.

2024-25లో భర్త ఉద్యోగం మారి జీతం 58,000 అయింది. పెన్షన్ లెక్క వేసినా హద్దు లోపలికి రారు. "ఇంకొంచెం పెన్షన్‌లో వేసేస్తే?" అని అడిగారు. వేయాలంటే స్కీమ్‌లో వెళ్లేది కాక ఇంకో ఐదున్నర వేల పౌండ్లు వేయాలి. 252 కోసం అంత డబ్బు 57 ఏళ్లు వచ్చేదాకా ముట్టుకోలేని చోట పెట్టడం అనవసరం. 40 శాతం రాయితీ కోసం వేయాలనుకుంటే అది వేరే నిర్ణయం, ఇంటి డిపాజిట్ కోసం దాచుకుంటున్న వీళ్లకి ఇప్పుడు కుదరదు. ఆ సంవత్సరం వదిలేశాం.

పంపిన తీరు

నడుస్తున్న సంవత్సరానికి ఒకసారి క్లెయిమ్ పెడితే అది ఏటా కొనసాగుతూ పోతుంది. జీతంలో ఎంత పన్ను కోయాలో కంపెనీకి చెప్పే టాక్స్ కోడ్ భర్తకి 1383ఎం, భార్యకి 1131ఎన్ అవుతాయి. ముగిసిపోయిన సంవత్సరానికి పెడితే ఆ ఒక్కదానికే. 2024-25లో అర్హత లేదు కాబట్టి నడుస్తున్న సంవత్సరాన్ని తాకకుండా జాగ్రత్తపడాలి. లేకపోతే వచ్చే ఏడాది ఆ 252 తిరిగి కట్టమని ఉత్తరం వస్తుంది.

పేరు సరిచేయించి ఆన్‌లైన్‌లోనే వెళ్దామా అని ఆలోచించాం. స్కూల్ పేరోల్‌లో పేరు మారి, అది రికార్డుల్లోకి ఎక్కేసరికి ఎంత కాలం పడుతుందో చెప్పలేం. 2020-21 గడువు ఆగదు. అందుకని మొదటి మూడు సంవత్సరాలకి పోస్టులో పంపే ఫారం నింపాం. సంతకం భార్యది. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి, పేరోల్‌లో వేరే ఇంటిపేరు ఎందుకు ఉందో రెండు వాక్యాల కవరింగ్ లెటర్ పెట్టి, మ్యారేజ్ సర్టిఫికెట్ కాపీ జతచేశాం. అందిన రుజువు ఉండేలా ట్రాక్ చేసే పోస్టులో, గడువుకి బాగా ముందే పంపాం. పేరోల్ సవరణ దాని దారిన అది జరిగింది.

2023-24కి అంత తొందర లేదు, 2028 ఏప్రిల్ వరకు టైముంది. ఫారంలో పడేయకుండా ఆమెను సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో (సొంతంగా టాక్స్ రిటర్న్ వేసే పద్ధతి) రిజిస్టర్ చేయించి రిటర్న్ వేశాం. పన్ను సున్నానే అయినా రిటర్న్ ఎందుకంటే, ఆమె విదేశీ ఆదాయం, 1,000 పౌండ్ల మినహాయింపు ఎంచుకున్నామన్న సంగతి, వడ్డీకి సున్నా రేటు, ఇవన్నీ ఒకే కాగితం మీద రికార్డుకెక్కాలి. దేశాల మధ్య బ్యాంకు వివరాలు ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు ఉంది. రేపెప్పుడైనా ఎఫ్‌డి గురించి ప్రశ్న వస్తే, జవాబు అప్పటికే అక్కడ ఉంటుంది. బదిలీ అడిగే గడి ఆ రిటర్న్‌లోనే ఉంటుంది. భర్త 326 పౌండ్లకి పెన్షన్ స్టేట్‌మెంట్ జతచేసి విడిగా రాశాం.

మొదటి మూడేళ్ల 754 పౌండ్లు ముందు వచ్చాయి. "అడిగింది నేను, డబ్బు ఆయన పేరుతోనా?" అని భార్య నవ్వుతూనే నిలదీశారు. తగ్గేది ఆయన పన్ను కాబట్టి రీఫండ్ ఆయనకే వస్తుంది, ఇంట్లో పంపకం మీ ఇష్టం అన్నాను. తర్వాత 252, ఆ తర్వాత 326. అంతా కలిపి 1,332. భర్త టాక్స్ కోడ్ మామూలు 1257ఎల్ గానే ఉందని చూసుకున్నాకే ఫైల్ మూసాను.

ఇక ముందు

ఇదే పరిస్థితిలో కొత్తగా వచ్చేవాళ్లకి 2025 ఏప్రిల్ 6 నుంచి రూల్ మారింది. రెమిటెన్స్ బేసిస్ పోయింది, దాంతోపాటు 2,000 పౌండ్ల వెసులుబాటూ పోయింది. వరుసగా పదేళ్లు యూకే బయట ఉండి వచ్చినవాళ్లకి మొదటి నాలుగేళ్లు విదేశీ ఆదాయం మీద పన్ను లేకుండా చేసుకునే అవకాశం వచ్చింది. అది ఎంచుకున్న ఏడాది పర్సనల్ అలవెన్స్, మ్యారేజ్ అలవెన్స్ రెండూ పోతాయి. ఇండియాలో నాలుగు వేల పౌండ్ల ఆదాయం ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్తే ఎక్కువగా నష్టమే. ఈ దంపతుల నాలుగేళ్లు ఎప్పుడో దాటిపోయాయి, వాళ్లకి ఆ ప్రశ్నే లేదు.

విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి సంపాదనతో వేసే ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డి వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఇక్కడా లేదనుకునేవాళ్లు ఇప్పటికీ వారానికొకరు తగులుతారు. యూకే రెసిడెంట్‌కి అది పన్ను పడే ఆదాయమే. ఆమెది ఎన్‌ఆర్‌ఈ కూడా కాదు, ఊరు వదిలి వచ్చినా మామూలు సేవింగ్స్ అకౌంట్‌గానే ఉండిపోయింది. దాన్ని ఎన్‌ఆర్‌ఓగా (విదేశాల్లో ఉన్నవాళ్ల ఇండియా ఆదాయానికి వాడే అకౌంట్) మార్చమని చెప్పాను. మారాక బ్యాంకు వడ్డీ మీద టీడీఎస్ ఎక్కువ కోస్తుంది. ఇక్కడ పన్ను సున్నా కాబట్టి అక్కడ కోసినది ఇక్కడ సర్దుకోవడం కుదరదు, ఇండియా రిటర్న్ వేసి అక్కడే వెనక్కి అడగాలి. ఆ పని ఊళ్లోని వాళ్ల ఆడిటర్‌కి అప్పగించాం. ఇకపై ఏటా ఏప్రిల్‌లో ఆమె ఏఐఎస్, ఆయన పెన్షన్ స్టేట్‌మెంట్, ఇద్దరి పి60లు నాకు పంపాలి. 2024-25వి వచ్చేశాయి.